కుడిచేతి పట్టు

ఎడమచేతికి ఆ మిషను కట్టించుకొని సారంగపాణి ఇంటికొస్తుంటే కరీమాబాద్ వాడకట్టు పిల్లలంతా వెంటపడ్డారు. మోచేతి పైన నల్లటి పట్టా, దాని నుంచి సన్నటి రబ్బరు గొట్టం, నడుము బెల్టుకు బిగించిన చిన్న డబ్బా. ఉండుండి ఆ డబ్బా గుర్రుమనేది. పట్టా ఉబ్బి చేతిని పిండేది. కాసేపటికి ఉస్సుమంటూ గాలి వదిలేది.

"ఏంది సేటూ, బాంబు కట్టుకున్నవా?" అన్నారు టెంటుహౌసు పనివాళ్లు.

"బాంబే. పని ఎగ్గొట్టినోని మీద ఏస్త" అని నవ్వుతూ వెనకనున్న గోదాములోకి పోయి షామియానాలు మడతపెట్టించాడు.

ఆ చుట్టుపక్కల పెళ్లయినా చావైనా గుడ్డ కట్టేది సారంగపాణే. ముందు ఇల్లు, వెనక గోదాము, రెండింటికీ మధ్య ఒకటే తలుపు. మనిషి దిట్టంగా ఉంటాడు. గొంతు పెద్దది. యాభై దాటినా జలుబంటూ మంచమెక్కిన వాడు కాదు. అలాంటివాడు ఈమధ్య పొద్దున లేస్తూనే తల రెండు చేతులా పట్టుకొని కూచుంటున్నాడు. మెడ నరాలు గుంజుతున్నాయంటాడు. కళ్లల్లో ఎర్రజీరలు. కూతురు సింధు కాన్పుకని పుట్టింటికి వచ్చాకే ఇదంతా మొదలైందని అతని భార్య యమున గమనించింది గానీ, ఆ రెండింటికీ ముడిపెట్టే ఆలోచన ఆమెకు రాలేదు.

హన్మకొండలో డాక్టరు హరికృష్ణకు చూపిస్తే, ఎప్పుడు చూసినా బీపీ సరిగ్గానే ఉంది.

"మనిషి పడుకుంటే బీపీ కూడా పడుకుంటదమ్మా" అని డాక్టరు యమునకు విడమరచి చెప్పాడు. "రాత్రి కిందికి దిగుతది, తెల్లారగట్ల మెల్లగా లేస్తది. కొందరికి రాత్రయినా దిగదు. ఇంకొందరికైతే పగటికంటే రాత్రే పెరుగుతది. పక్షవాతం భయం అట్లాంటోళ్లకే ఎక్కువ. దవాఖానలో పగటిపూట చూస్తే అది దొరకదు. ఒక పగలు, ఒక రాత్రి మిషను కట్టి చూద్దాం. అది దానంతటదే చూసుకుంట పోతది."

ఆ మిషనే ఇది.

పగలంతా బాగానే గడిచింది. రాత్రి సింధు ముందుగదిలో పడుకుంది. అల్లుడు శ్యాంసుందర్‌ది కాజీపేటలో రైల్వే ఉద్యోగం, ఆ వారం డ్యూటీ మీద బల్లార్షా వైపు పోయాడు. నడిమి గదిలో, గోదాము తలుపుకు ఎదురుగా, సారంగపాణి మంచం. కింద చాప మీద యమున.

ఆమెకు సరిగ్గా నిద్రపట్టలేదు. మిషను గుర్రుమన్నప్పుడల్లా మెలకువ వస్తోంది. ఎక్కడో దూరంగా గూడ్సు బండి పోతున్న చప్పుడు. అది కూడా ఆగిపోయాక ఇల్లంతా ఒక రకంగా బిగుసుకుపోయినట్టయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, గాలి మాత్రం తగలడం లేదు. తలుపు సందులోంచి వాసన వచ్చింది. వానకు తడిసి, ఆరకముందే మడతపెట్టిన షామియానా గుడ్డ వాసన. ఆ ముక్కిపోయిన వాసన కింద ఇంకేదో... పసుపు, చెమట, బాలింతల గదుల్లో ఉండే ఒక పచ్చి వాసన.

ఎండాకాలం. నెల రోజులుగా చినుకు పడలేదు.

మిషను గుర్రుమంది. యమున లేచి కూచుంది.

సారంగపాణి వెల్లకిలా పడి నిద్రపోతున్నాడు. ఎడమచేతి మీద పట్టా ఉబ్బుతోంది. ఆమె చూపు కుడిచేతి మీద పడింది. ఆ చేతికి ఏమీ కట్టలేదు. అయినా... మణికట్టు పైన చర్మం లోపలికి నొక్కుకుపోతోంది. ఒక సొట్ట. దాని పక్కన ఇంకొకటి. మరొకటి. నాలుగు సొట్టలు ఒక వరుసలో, లోపలివైపు బొటనవేలంత ఒకటి.

ఎవరో పట్టుకున్నట్టు.

"ఇడువు" అన్నాడు సారంగపాణి నిద్రలో. పగటి గొంతు కాదది. "ఇడువయే... లోడ్ దించి వస్త. అప్పటిదాంక ఓర్చుకో."

మంచానికి అవతలి వైపు నుంచి, నేలకు దగ్గరగా, ఎవరో ఊపిరి తీసుకున్నారు.

"ఓర్చుకున్న గదా..." అన్నదా గొంతు.

పట్టా ఉస్సుమని గాలి వదిలింది. కుడిచేతి మీద సొట్టలు మాత్రం వదల్లేదు. యమున చాప మీద ముడుచుకొని, కొంగు నోట్లో కుక్కుకొని, తెల్లారేదాకా అలాగే ఉండిపోయింది.

పొద్దున సారంగపాణి ఎప్పటిలాగే తల పట్టుకొని లేచాడు. రాత్రి సంగతి అడిగితే "నాకేం ఎరుక? నిద్రల ఏదో అన్న కావచ్చు" అని కసిరాడు. కానీ బనీను తీసి పొడుగు చేతుల చొక్కా తొడుక్కున్నాడు. ఆ ఎండల్లో.

మిషనులోని అంకెలను కంప్యూటరు మీద చూసి డాక్టరు హరికృష్ణ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "పగలు బంగారమే. రాత్రి... నిద్రపోలేదా?"

"పోయిండు సార్. గురక పెట్టుకుంట పోయిండు" అంది యమున.

"నిద్రపోయిన మనిషివి కావమ్మా ఇవి. ప్రాణభయంతో ఉరుకుతున్నోనివి." తెర మీద గీత పొద్దుగూకేదాకా చదునుగా ఉండి, రాత్రిలోకి పోయేసరికి గుట్టలెక్కింది. "పట్టా సరిగ్గా కూచోలేదేమో. రాత్రి పడుకునే ముందు ఈ గోళీ వేసి, ఇంకొక్క రోజు కట్టి చూద్దాం."

ఆ మధ్యాహ్నం యమున ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి రంగశాయిపేట పోయింది. అక్కడ సారంగపాణి మేనత్త బక్కమ్మ ఉంటుంది. ముసలామె చాటలో బియ్యం చెరుగుతోంది.

"అత్తా, ఆయన మొదటి పెండ్లాం ఎట్ల చచ్చిపోయింది?" అని యమున నిలబడే అడిగింది.

బక్కమ్మ చేతులాగాయి. "సమ్మమ్మా? గాలి సోకి పోయిందని నీకు చెప్పలేదా?"

"చెప్పిండ్లు. లోడ్ సంగతి చెప్పలేదు."

ముసలామె చాట పక్కన పెట్టింది. వీధి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది.

"మేడారం జాతర దినాలవి. పిల్లకు నెలలు నిండినయి. కాళ్లు పొంగినయి, మొకం పొంగింది. తల పగులుతాంది, కండ్ల ముంగట మెరుపులు లేస్తానయి, దవాఖానకు తీస్కపొమ్మని మొత్తుకున్నది. వ్యాను వాకిట్లనే ఉండె బిడ్డా. కానీ జాతరకు షామియానాలు ఎక్కించి ఉండె. లోడ్ దించి వస్తనన్నడు. ఆమె ఆయన కుడిచెయ్యి దొరకబట్టింది. రెండు చేతుల పట్టుకున్నది, ఇడువలె. ఒక్కొక్క వేలు ఇప్పదీసుకుంట పోయిండు. గాజులు పలిగి నెత్తురొచ్చింది."

"నువ్వు చూస్తాంటివా?"

"చూసుకుంట నిలబడ్డ. ఆయన మాటకు ఎదురెవరు చెప్తరే ఆ ఇంట్ల? కాళ్లు చేతులు కొట్టుకునుడు మొదలైతే, అరుపులు వాడకట్టుకు ఇనపడుతయని గోదాంల పండుకోబెట్టి ఆయన తల్లి, మా వదిన, గొళ్లెం పెట్టింది. పోయేముందు ఆయనే చెప్పి పోయిండు, అరిస్తే గోదాంల ఏసి గొళ్లెం పెట్టుమని. నడిజాముదాంక తలుపు కొట్టింది పిల్ల. మళ్ల కొట్టలేదు. తెల్లారి తీస్తే... కడుపుల బిడ్డ కడుపులనే." బక్కమ్మ ముక్కు చీదింది. "దయ్యం పట్టిందని ఊరందరికీ చెప్పిండు. దయ్యం పట్టిన పీనుగని ఆమె తల్లిని కూడ దగ్గరికి రానియ్యలె."

 తిరిగి వస్తూ ఆటోలో యమున తన అరచేతులను చూసుకుంది.  పెళ్లయి వచ్చిన నాటి నుంచి ప్రతి అమావాస్యకూ ఆ గోదాము తలుపుకు నిమ్మకాయలు కట్టింది తానే. దయ్యం పట్టి చచ్చినామె మళ్లీ ఇంట్లోకి రాకుండా కట్టమన్నాడు మొగుడు. ఇన్నేళ్లూ తన చేతులతో తానే ఆమెను లోపలేసి ఉంచింది.

ఇంటికి రాగానే ఎండిన నిమ్మకాయల దండ తెంపి మోరీలో పారేసింది. సారంగపాణి దుకాణం నుంచి వచ్చి బోసి తలుపును చూశాడు. చాలాసేపు చూశాడు. ఎందుకు తీశావని అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో అతనికి తెలుసు.

చీకటి పడుతుండగా సింధు అన్నం వద్దంది. "తల నొస్తాందమ్మా. చెప్పులు పడ్తలెవ్వు, పాదాలు పొంగినయి."

యమున చెప్పుల్లో కాళ్లు పెట్టింది. "దవాఖానకు పోదాం పా."

"పోయిన వారమే గదా చూపిచ్చింది, బీపీ బాగనే ఉందన్నరు" అన్నాడు సారంగపాణి. "ఎండకు అట్లనే ఉంటది. మజ్జిగ తాగి పండుకో బిడ్డా. పొద్దుగాల చూద్దాం."

"నీ బీపీ గూడ పగటీలి బాగనే ఉంటది గదా" అంది యమున.

అతను ముఖం తిప్పుకున్నాడు. ఆమె ఇంకా ఏదో అనబోయింది. కానీ ఆ ఇంట్లో ఆయన వద్దన్నాక కాదనడం ఆమెకు అలవాటు లేదు. సింధు కూడా "పండుకుంటే తగ్గుతదిలే" అంది. ఆ అలవాటే ఆ రాత్రి ప్రాణం మీదికి తెచ్చింది.

సారంగపాణి గోళీ వేసుకున్నాడు. లైటు ఆర్పనివ్వలేదు. యమునను కింద కాకుండా మంచం మీద తన కుడివైపున కూచోమన్నాడు. పిల్లవాడు తల్లిని పట్టుకున్నట్టు ఆమె చేయి పట్టుకొని కళ్లు మూసుకున్నాడు.

ట్యూబులైటు తెల్లగా వెలుగుతోంది. గోడ మీద బల్లి కదలకుండా ఉంది. మిషను గుర్రుమంది, ఉస్సుమంది. మళ్లీ చాలాసేపు నిశ్శబ్దం. యమునకు రెప్పలు వాలుతుండగా వాసన మొదలైంది. తడిగుడ్డ. పసుపు. నిన్నటికంటే దగ్గరగా.

గోదాము తలుపు చప్పుడైంది.

తట్టడం కాదు. అరచేత్తో కొట్టడం. మెల్లగా. అలసిపోయిన మనిషి కొట్టినట్టు.

ఒకసారి.

మళ్లీ...

ఈవైపు గొళ్లెం దానంతటదే పైకి లేస్తోంది. తుప్పు రాలుతోంది. లైటు వెలుగులో యమున అంతా చూస్తోంది.   గొళ్లెం పక్కకు పడింది. తలుపు బెత్తెడు తెరుచుకుంది. లోపల చీకటి. ఆ చీకట్లో, నేలకు జానెడెత్తులో... నిలబడలేక పాకుతూ వచ్చిన మనిషి తల ఉండే ఎత్తులో... ఏదో ఉంది.

అప్పుడే ముందుగది నుంచి సింధు కేక వేసింది. "అమ్మా! తల పగులుతాందే... కండ్ల ముంగట మెరుపులు లేస్తానయే!"

యమున దిగ్గున లేవబోయింది. లేవలేకపోయింది. సారంగపాణి చేయి ఆమె మణికట్టును ఉడుంలా పట్టుకుంది. అతని కళ్లు తెరుచుకుని ఉన్నాయి.

"ఎటు పోతానవు?"

"పిల్లకు బాగలేదు. ఇడువు."

"పొద్దుగాల పోదాం."

"తెల్లారేదాంక ఉంటదా అది? ఇడువయ్యా!"

"నన్నొక్కన్ని ఇడ్సిపోకు" అన్నాడు. అంత పెద్ద గొంతు గుసగుస అయిపోయింది. "ఆమె తలుపు కాడున్నది. నువ్వు పోంగనే... లోపటికొస్తది."

"ఎవరు?"

  అతని పట్టు ఇంకా బిగిసింది. కన్నబిడ్డ అవతల మొత్తుకుంటుంటే అతని కళ్లలో బిడ్డ లేదు. తన ప్రాణమొక్కటే ఉంది. ఆనాడు వాకిట్లో వ్యాను పక్కన నిలబడ్డప్పుడు కూడా ఈ ముఖమే పెట్టుకొని ఉంటాడని యమునకు తోచింది. 

ఆమె తలుపు వైపు తిరిగింది. ఆ చీకటితో మాట్లాడింది. 

"అక్కా. నాకు తెల్వకనే ఇన్నేండ్లు నీకు అడ్డం కట్టిన. నా బిడ్డ జోలికి మాత్రం రాకు. ఇగ ఈయన..."

మొగుడి ముఖంలోకి చూసింది.

"ఈయన నీ ఇష్టం."

తలుపు పూర్తిగా తెరుచుకుంది.

సారంగపాణి చిటికెనవేలు ఆమె మణికట్టు మీది నుంచి లేచింది. అతను లేపింది కాదది. వెనక్కి వంగుతోంది. దాని పక్క వేలు... ఆ తర్వాతది... ఒక్కొక్కటే, తొందర లేకుండా. అతను పళ్లు బిగించి మళ్లీ పట్టుకోవాలని చూశాడు. వేళ్లు మాట వినలేదు. ఎడమచేతి మీద మిషను గుర్రుమనడం మొదలుపెట్టింది. పట్టా ఉబ్బుతోంది. ఉబ్బుతూనే ఉంది... ఆగడం లేదు.

"యమునా... యమునా..."

ఆమె వెనక్కి చూడలేదు.

సింధును భుజానికెత్తుకున్నట్టే నడిపించుకొని వీధిలోకి వచ్చి పక్కింటి తలుపు బాదింది. తాహెరా బేగం తలుపు తీసి "యా అల్లా! సమద్, ఆటో తియ్యిరా జల్ది!" అని కొడుకును లేపింది. ఆటోలో సింధు ముఖం ఒకవైపు లాగుతుంటే యమున ఆమె చెంపలు తడుతూనే ఉంది. సమద్ హారను మీది నుంచి చేయి తీయలేదు.

దవాఖానలో బీపీ చూసిన డాక్టరమ్మ వెంటనే సింధును లోపలికి తీసుకుపోయింది. బయటికి వచ్చాక చెప్పింది. "ఇంకొంచెం ఆలస్యం చేసుంటే ఫిట్స్ ముదిరేవమ్మా. ఇద్దరూ దక్కేటోళ్లు కాదు." ఆపరేషను చేశారు. ఆడపిల్ల. బలహీనంగా ఉన్నా గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు వినే యమున తానూ ఏడ్చింది.

తెల్లవారుతుండగా సమద్ ఆటో తీసుకొని ఇంటికి పోయి, కొంతసేపటికి ఫోను చేశాడు. మాట తడబడుతోంది.

"చిన్నమ్మా... చాచా గోదాంల పడి ఉన్నడు. బతికే ఉన్నడు. మాట వస్తలేదు. చెయ్యి, కాలు కదుల్తలెవ్వు. చిన్నమ్మా, గోదాం తలుపుకు లోపటి దిక్కు గొళ్లెం ఉన్నదా?"

"లేదు. బయటికే ఉన్నది."

"మరి లోపటి నుంచి ఎవరు పట్టుకున్నరు? నలుగురం కలిసి నూకితే గానీ రాలేదు." అటువైపు సమద్ ఊపిరి వినపడింది. "చేతి మీది పట్టా కోసి తీసినం. అంత బిర్రుగున్నది. డబ్బాలున్న బ్యాటరీలైతే మంచం కాడనే పడున్నయి."

సారంగపాణినీ హన్మకొండలోనే ఒక దవాఖానలో చేర్చారు. పక్షవాతం. చావడని డాక్టరు హరికృష్ణ చెప్పాడు. కళ్లు తిరుగుతున్నాయి, చెవులు వినపడుతున్నాయి, తెలివి అంతా ఉంది. మాట లేదు, కదలిక లేదు. యమున పగలు కాసేపు వచ్చి జావ తాగించి పోయేది. పగటిపూట అతను ప్రశాంతంగా ఉండేవాడు. పొద్దుగూకుతుంటే మాత్రం కళ్లతో ఆమె కొంగును పట్టుకోవాలని చూసేవాడు. కంటి కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి కారేవి. ఆమె మూతి తుడిచి, దుప్పటి సర్ది, లేచి వచ్చేసేది. రాత్రిళ్లు సింధు దగ్గరా పసిపిల్ల దగ్గరా ఉండాలి కదా.

ఒక సాయంత్రం ఆమె బయలుదేరుతుంటే ఆ వార్డు నర్సు మెహ్జబీన్ వరండాలో ఆపింది.

"అమ్మా, ఒక మాట. పగలు మీ ఆయన బీపీ ఎంత మంచిగుంటదో! రాత్రి మందు పెంచినా ఆగుతలేదు. డాక్టరు సార్‌కు కూడ అర్థమైతలేదు. నాకైతే ఒకటి అనిపిస్తాంది, చెప్తే తప్పుగ అనుకోకు. రాత్రి మీ తరఫున వచ్చి కూచునే ఆమె ఉన్నది చూడు, ఆమె వచ్చి చెయ్యి పట్టుకోంగనే పెరుగుతాంది. ఆమె మీకేమైతది?"

యమున రెయిలింగు పట్టుకుంది. కింద రోడ్డు మీద బస్సుల లైట్లు అప్పుడే వెలుగుతున్నాయి.

"మా అక్క" అంది.

"అక్కనా! జర చెప్పుమ్మా ఆమెకు. కూచుంటే కూచోనీ. కానీ ఆ పసిగుడ్డును ఎత్తుకొని వార్డులకు రావద్దని చెప్పు. రాత్రంతా మీ ఆయన ఛాతీ మీదనే పండబెడుతది."